పోయినవాళ్ళకే నీడ

ఇబ్రహీంపట్నం వెళ్తున్నానంటే మా వీధిలో వాళ్ళంతా "కృష్ణ ఒడ్డున ఉన్నదేగా, విజయవాడ దాటగానే వస్తుంది" అన్నారు. అది కాదమ్మా, ఇది హైదరాబాదు అవతల, సాగర్ రోడ్డు మీద, రంగారెడ్డి జిల్లాలోది అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. "మే నెలలో అక్కడేం చూస్తావే?" అంది మా తోటికోడలు. ఎండ చూడ్డానికి వెళ్తున్నానన్నాను. రిటైరయ్యాక పిచ్చి ముదిరిందనుకుంది.

నిజంగానే ఎండ చూడ్డానికి వెళ్ళాను. మాది నరసాపురం. జూనియర్ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు ఎకనామిక్స్ చెప్పినదాన్ని. ఎండల వల్ల పల్లెల్లో కూలీనాలీ జనం ఎంత నష్టపోతున్నారో తేల్చే సంస్థ ఒకటి, పేరు అనవసరం, పది రోజుల పనికి మనిషి కావాలంది. "తెలుగు బాగా రావాలి మేడం" అన్నారు ఫోనులో. నవ్వొచ్చింది. నాకు తెలుగు రాకపోవడమేమిటి! తిరిగొచ్చి నెల దాటింది. ఇంట్లో వాళ్ళకి కూడా సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, చదివినవాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

బస్టాండు దగ్గర

ఎల్బీనగర్‌లో బస్సెక్కితే దారి పొడుగునా ప్లాట్ల బోర్డులే. తెల్లసున్నం వేసిన రాళ్ళు, రాళ్ళ మధ్య ఎర్రమట్టి, ఆ మట్టిలో గొడ్డు నిలబడేందుకు కూడా చెట్టు లేదు. మా వైపు కొబ్బరి నీడ పడని జాగా వెతుక్కోవాలి. కిటికీ రేకు మీద చెయ్యి పెట్టి చురుక్కుమని తీసేసుకున్నాను.

బస్టాండులో దిగి నాలుగడుగులు వేశానో లేదో కుడికాలి చెప్పు అడుగు తారుకి అంటుకుని ఊడొచ్చేసింది. ఒంటికాలి మీద కొంగలా నిలబడ్డాను. సోడాబండి అతను పగలబడి నవ్వాడు. వెనకనుంచి ఒక ఆటో వచ్చి ఆగింది.

"ఎక్కు మేడం, కాలు గాలుతది."

ఇరవై ఎనిమిదేళ్ళు "రండి మేడం, కూర్చోండి మేడం" విన్న చెవులు. ఈ "ఎక్కు" గుచ్చుకుంది. కాలు కాలుతోంది కాబట్టి ఎక్కాను. అతని పేరు ఖాజా. యాభై దాటిన మనిషి, తాతల నాటి నుంచి వాళ్ళది మంచాల అనే ఊరి వైపు పల్లె. చెప్పుల కొట్టుకి తీసుకెళ్ళి, నూటఇరవై అన్న హవాయి చెప్పులు తొంభైకి ఇప్పించాడు. ఇరవై రూపాయల గోలీసోడా తనే తెచ్చిచ్చాడు, డబ్బిస్తే తీసుకోలేదు. చొక్కా జేబులోంచి ఒక ఉల్లిగడ్డ తీసి నా చేతిలో పెట్టాడు.

"సంచిల ఏస్కో. ఎండదెబ్బ తాకది."

"దీనికేమైనా సైన్సుందా?" అన్నాను, లేనిపోని పెద్దరికంతో.

"సైన్సు నాకెరక లేదు మేడం. నలభై ఏండ్ల సంది జేబుల పెట్టుకుంటున్న, ఇగో నీ ముంగట్నే ఉన్న."

ఆ రోజే అతన్ని వారం రోజులకి మాట్లాడుకున్నాను. నా మొదటి ఫారం కూడా అతనిదే. ఎండవల్ల ఏం నష్టమయ్యా అంటే, పన్నెండు నుంచి నాలుగు దాకా ఒక్కరూ ఎక్కరన్నాడు. "ఇంటికి పోయొస్తే డీజిల్ దండగ. గీ గోడ నీడకు ఊకె కూసుంట." ఫారంలో గంటలకి గడి లేదు, రోజులకే ఉంది. బండి తీస్తున్నాడు కాబట్టి రోజు పోనట్టే లెక్క. సున్నా వేశాను. ఇదేం ఫారంరా బాబూ అని చిరాకుపడ్డాను కూడా. కానీ నా చిరాకంతా కాగితం మీదే, నా మీద కాదు.

ఎరువుల కొట్టు మీద గది. ట్యాంకులో నీళ్ళు సాయంత్రానికి బియ్యం ఉడికేలా ఉండేవి. పొద్దున్నే బకెట్లు పట్టి పెట్టుకోవాలని ఒళ్ళు కాలాక తెలిసింది. కింద మెస్సులో జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా ఇంట్లో పులుసంటే గంటసేపు మరగాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి నలిపి, పొయ్యి ఎక్కించకుండానే పోశారు. ఆ ఎండలో అంత చల్లటి పులుసు నోట్లో పడితే ప్రాణం లేచొచ్చింది.

మంచాల దారిలో ఒక ఊరు

రెండోరోజు ముప్పై ఇళ్ళ వాడకి వెళ్ళాం. ఊరి పేరు రాయను. రాసే మొహం లేదు.

చేసేది చిన్న పని. ఇంటికొక ఫారం. అందులో అసలు ప్రశ్న ఒకటే: "ఎండ వల్ల ఈ నెలలో ఎన్ని రోజుల పని పోయింది?" అందరినీ అదే ప్రశ్న, అవే మాటల్లో అడగాలి, ఒక్క అక్షరం మార్చకూడదు అని శిక్షణలో నూరిపోశారు. నేను లెక్చరర్ని కదా, అక్షరం మార్చలేదు.

జంగయ్య అని నలభై ఏళ్ళ మనిషి, మీసం తిప్పేవాడు, పొలం పనులకీ మట్టిపనికీ వెళ్తాడు. ప్రశ్న చదవగానే ఛాతీ విరుచుకుని, "ఇరవై ఆరు దినాలు పోయిన మేడం!" అన్నాడు. పాపం, నెలలో ఇరవై ఆరు రోజుల పని పోయి కూడా నవ్వుతున్నాడే, ఎంత గుండెధైర్యం అనుకున్నాను. ఇరవై ఆరు అని రాసుకున్నాను.

మధ్యాహ్నానికి టమాటాలు ఏరే రేకుల షెడ్డు దగ్గరికి వెళ్ళాం. చీకటితో వచ్చి కోసి, ఎండ ముదిరేలోపు షెడ్డులోకి చేరిన ఆడవాళ్ళు కాయలు వేరు చేస్తున్నారు. సగం కాయలకి ఎండకి తెల్లమచ్చలు. అవి పారబోతకే. నన్ను చూసి ఒకామె గోనెసంచి దులిపి వేసింది. ముప్పై ఐదేళ్ళుంటాయి, బక్కమనిషి, గబగబా మాట్లాడుతుంది. పేరు బాలమణి.

"కూసో అక్కా. ముందుగాల ఇంత గటక తిను, ఎన్కసీరి రాస్కుందువు."

గటకంటే జొన్నరవ్వ సంకటి. దాంట్లో సల్ల పోసి, పక్కన మామిడికాయ తొక్కు పెట్టింది. సల్లంటే మజ్జిగని అప్పుడే తెలిసింది. ఆమె తన గిన్నెలోదే నాకు సగం పెట్టిందని తినేశాక చూశాను. సిగ్గుపడ్డాను. "ఊకో అక్కా, రోజు తినేదే గద" అంది.

ఆమె భర్త నర్సింహది సెంట్రింగ్ పని. ప్లాట్లలో లేచే ఇళ్ళకి స్లాబు పోసేముందు రేకులు బిగించి, ఇనుము పరిచే పని. ఇద్దరు ఆడపిల్లలు, అత్త. పోయిన ఎండాకాలం అతనికి కిడ్నీలు దెబ్బతిన్నాయట.

"నీళ్ళు తాగకుండ ఎండల పనిజేసి జేసి గట్లయిందన్నడు డాక్టర్. వానలు పడేదాంక ఎండకు పోవద్దన్నడు. పోతే మనిషి దక్కడన్నడు" అంది బాలమణి, చేతులు ఆపకుండా.

నేను ఫారం తీసి, ఒక్క అక్షరం మార్చకుండా చదివాను. ఎండ వల్ల ఈ నెలలో ఎన్ని రోజుల పని పోయింది?

"ఒక్క దినం పోలె అక్కా."

నా కలం ఆగింది. డాక్టరు అంత గట్టిగా చెప్పినా ఒక్కరోజు పని కూడా పోనివ్వలేదన్నమాట! "ఒక్కరోజు కూడానా?" అన్నాను.

"ఒట్టు. ఒక్క దినం గూడ పోలె."

"మగవాళ్ళింతే, ఎవరి మాటా వినరు" అన్నాను. బాలమణి నావైపు వింతగా చూసింది. తర్వాత తనే సర్దుకుని నవ్వింది, పట్నం మేడం ఏదో అంటోంది పోనీలే అన్నట్టు. నేను గడిలో సున్నా వేశాను.

ఆరు పేర్లు

ఈ పనిలో నాకు నచ్చిన భాగం ఒకటుంది. సంస్థవాళ్ళు మొదటి విడత ఊరికి ఆరు కుటుంబాలని ఎంచి, పది రోజులపాటు సగం కూలి ఇస్తారు. ఆ పది రోజులూ ఆ ఇంటి మనిషి ఎండలోకి వెళ్ళకూడదు. అలా నీడపట్టున ఉంటే ఆరోగ్యం, ఖర్చులు ఎలా మారతాయో చూస్తారు. మేం దాన్ని నీడ డబ్బు అనేవాళ్ళం. ఎక్కువ రోజుల పని పోయినవాళ్ళకి ముందు. ఎంచేది నేనే, నా ఫారాలని బట్టి.

నాలుగోరోజు పొద్దున్న స్కూలు వరండాలో అందరూ చేరారు. ముందు వరసలో బాలమణి. నీడ డబ్బు సంగతి చెప్పి, పేర్లు చదివాను. మొదటి పేరు జంగయ్యది. అతను తెల్లబోయి, తర్వాత నవ్వాడు. "కూసుంటె పైసలా? నా నసీబు బాగున్నట్టుంది!" అన్నాడు. అందరూ అతన్ని ఆటపట్టించారు. ఆరు పేర్లూ అయిపోయాయి. బాలమణి కదల్లేదు.

"మా పేరు లేదా అక్కా?"

"మీ ఆయనకి ఒక్కరోజు కూడా పోలేదు కదమ్మా. పోయినవాళ్ళకే ఇస్తున్నారు."

ఆమె మొహం మాడిపోయింది. "పోయినోళ్ళకేనా?"

"అవును, అదే రూలు." నాకు జాలేసింది. సంచిలోంచి ఇంకో కాగితం తీసి చూపించాను. "రెండో విడతలో ఇంకో నాలుగు పేర్లకి చోటుంది. వచ్చే సోమవారం మళ్ళీ అడిగి రాసుకుంటాను. ఈలోగా పోతే మీ పేరు కలుపుతాను."

"పోతే ఇస్తవా?"

"పోతే తప్పకుండా ఇస్తాం."

"ఎన్ని దినాలు పోవాలె?"

ఆ ప్రశ్న కాస్త వింతగానే తోచింది. డబ్బు అవసరం కదా, లెక్క అడుగుతోందనుకున్నాను. "రెండు మూడు రోజులు పోయినా చాలు" అన్నాను. చీర కొంగు బొడ్లో దోపుకుని, పిల్లల్ని పిలుచుకుని గబగబా ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఖాజా ముంజలు కొనిపించాడు. డజను ఎనభై. మా వైపు పొలంగట్టు మీద కుర్రాళ్ళు ఊరికే కొట్టిచ్చే ముంజలకి ఎనభయ్యా అని బేరమాడుతూ ఎంత హాయిగా ఉన్నానో, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

స్లాబు దగ్గర

ఐదోరోజు, ఆరోరోజు పక్క ఊళ్ళు తిరిగాను. ఆరోరోజు మధ్యాహ్నం ఒకటిన్నరకి, తిరిగొస్తూ దారిలో ఒక కొత్త ఇల్లు లేస్తున్న చోట ఆగాం. సెంట్రింగ్ రేకుల మీద ఎంత వేడి ఉంటుందో చూసి రాయాలి. నా దగ్గర థర్మామీటరు ఉంది. నిచ్చెన ఎక్కుతుంటే పైనుంచి అరుపులు వినబడ్డాయి.

ఇద్దరు మనుషులు ఒకతన్ని పట్టుకుని దింపుతున్నారు. కాళ్ళు వేలాడుతున్నాయి. రేకుల నీడలో పడుకోబెట్టారు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, చెమట చుక్క లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ చూడటం లేదు. ఏదో గొణుగుతున్నాడు.

"నర్సింహా! ఓ నర్సింహా!" అని మేస్త్రి చెంపలు తడుతున్నాడు. నావైపు తిరిగి, "నెల దాటింది మేడం ఈయన పనికి రాక. నిన్న పొద్దుగాల వచ్చిండు. పానం మంచిగలేదు గదరా, ఎందుకొచ్చినవ్ అంటే, పనికి పోవాలె అన్నా, అన్నడు" అన్నాడు.

"నెల దాటడమేమిటి?" అన్నాను. "ఈ నెలలో ఒక్కరోజు కూడా పోలేదని వాళ్ళావిడే చెప్పింది!"

ఖాజా అప్పటికే పక్క కొట్టునుంచి ఐసుముక్కలు గోనెలో మోసుకొచ్చి అతని చంకల్లో పెడుతున్నాడు. చెయ్యి ఆపి నా మొహంలోకి చూశాడు.

"గదే గద మేడం. ఒక్క దినం పోలె అంటె పనికి పోలె. ఇంట్లనే ఉండె."

మా వైపు "పోయిన" అంటే నష్టపోయిన. ఇక్కడ "పోయిన" అంటే వెళ్ళాను. జంగయ్య ఇరవై ఆరు రోజులు పనికి వెళ్ళానని ఛాతీ విరిచాడు. బాలమణి, మా ఆయన ఒక్కరోజు కూడా వెళ్ళలేదని ఒట్టేసి చెప్పింది. నేను ఇద్దరివీ తలకిందులుగా రాసుకున్నాను. అంతటితో ఆగానా? పోయినవాళ్ళకే ఇస్తాం, పోతే తప్పకుండా ఇస్తాం అన్నాను. ఎన్ని దినాలు పోవాలె అని ఆమె అడిగితే రెండు మూడు రోజులు చాలని నా నోటితో నేనే చెప్పాను.

దవాఖానలో

అక్కడి దవాఖానలో సెలైన్ ఎక్కించి, పట్నం, అంటే హైదరాబాదు, తీసుకుపొమ్మన్నారు. ఎవరు కబురు చేశారో, బాలమణి టమాటా మరకల చీరతోనే పరుగెత్తుకొచ్చింది. అంబులెన్సులో ఆమె, నేను. వెనకాలే ఖాజా ఆటోలో, ఊరినుంచి బాలమణితో వచ్చిన జంగయ్య. బాలమణి తడిగుడ్డతో భర్త అరికాళ్ళు రుద్దుతూనే ఉంది.

"నేనే పంపిన అక్కా" అంది. "పోనంటే, రెండు దినాలు పో చాలు, మూడో దినం సంది పదిరోజులు నీడకు కూసుంటవ్, అక్క పేరు రాస్కుంటది అన్న. సరే తియ్ అని పోయిండు."

ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆ చెయ్యి ఖాళీగా లేదు.

మర్నాడు మధ్యాహ్నం నర్సింహ చనిపోయాడు. ముందు కిడ్నీలు, తర్వాత అన్నీ ఒకటొకటిగా ఆగిపోయాయని చెప్పారు. బాలమణి నేలమీద కూర్చుని గోడవైపు తిరిగింది. ఏడవలేదు. అక్కడున్న ఆడవాళ్ళు ఏడువమ్మా, ఏడిస్తే బరువు దిగుతుందన్నారు. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

నేను వరండాలోకి వచ్చి సంస్థకి ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను, తప్పు నాదేనన్నాను. అవతలి కుర్రాడు మర్యాదగానే విన్నాడు. మిగతా ఫారాలన్నీ మళ్ళీ అడిగి దిద్దుకురమ్మన్నాడు. "మరి ఈ మనిషి సంగతి ఎక్కడ రాయను?" అన్నాను. అతను కాసేపు వెతికి, "చనిపోయినవాళ్ళకి మన ఫారంలో గడి లేదు మేడం" అన్నాడు. అతని తప్పేం లేదు. అయినా ఫోను నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది.

మూడొద్దులు

వెళ్ళొద్దని ఖాజా చెప్పాడు. "గిప్పుడు పోకు మేడం. అందరు గరంమీద ఉన్నరు. జర ఆగి పోదువు." నిజానికి నాకూ భయమే. తెల్లారి లేచి బట్టలు సర్దుకున్నాను, బస్సు వేళ కనుక్కున్నాను. తర్వాత సంచి గదిలోనే వదిలేసి ఖాజాని పిలిచాను. అతను బండి తీశాడు.

మూడోరోజున మా వైపు చిన్నదినం చేస్తాం. ఇక్కడ పిట్టకు పెట్టడమంటారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆరుబయట పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా కూర్చుంటారు. మేం వెళ్ళేసరికి అది అయిపోయింది. వాకిట్లో పందిరి కింద పదిహేనుమంది ఉన్నారు. జంగయ్య ఒక మూల తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు, నన్ను చూసి తల దించుకున్నాడు. చుట్టాలు విస్తళ్ళ ముందు ఉన్నారు. బాలమణి విడిగా, ఎండ పడుతున్న గోడ పక్కన ఉంది. పిల్లలు నాయనమ్మ ఒళ్ళో ఉన్నారు. ఎవరూ ఆమెని పిలవడం లేదు.

నర్సింహ తల్లి మాట గేటు దగ్గరికే వినబడింది. "పైసలకు ఆశపడి పంపిందమ్మా. డాక్టర్ వద్దన్నంక పంపిందమ్మా. వాడు నా ఒక్కగానొక్క కొడుకు."

బాలమణి నన్ను చూసింది. లేచి తిన్నగా నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

"అక్కా, నువ్వు పోయినోళ్ళకే అన్నవా, లేదా?"

"అన్నాను."

"పోతే ఇస్త అన్నవా?"

"అన్నాను బాలమణీ."

"నేను మంచిగనే విన్న గద? నాకు తప్పు ఇనవడలే గద?" "మూడొద్దుల సంది గదే యాది చేస్కుంటున్న. నేనే ఆగమాగం ఇన్ననా అని. మా అత్తకు చెప్పక్కా. గట్టిగ చెప్పు."

పందిరి కిందకి నడిచాను. నిలబడి చెబితే ఉపన్యాసంలా ఉంటుందని ముసలామె ఎదుట నేలమీద కూర్చున్నాను. ఆమె ఎర్రబడ్డ కళ్ళతో నన్నే చూస్తోంది.

"మీ కోడలి తప్పు లేదమ్మా" అన్నాను. "ఆమె నాకు సరిగ్గా చెప్పింది. నేను తిరగేసి రాసుకున్నాను. పనికి పోయినవాళ్ళకే డబ్బిస్తామన్నట్టు ఆమెకి అర్థమయ్యేలా చెప్పింది నేను. ఆమె పైసలకి ఆశపడి పంపలేదు, పది రోజులు మీ అబ్బాయిని నీడలో కూర్చోబెట్టుకుందామని పంపింది. తప్పంతా నాదే."

"ఎందుకట్ల చెప్పినవ్?"

రెండు జిల్లాల మాటల తేడా గురించి ఒక తల్లికి ఏమని చెప్పను! "మీ మాట నాకు రాదమ్మా" అన్నాను.

ముసలామె ఒళ్ళోని చిన్నపిల్ల నుదుటి మీది చెమట కొంగుతో తుడిచింది.

"రాకుంటే అడగాలె గద బిడ్డా" అంది.

ఆమె గొంతులో కోపం లేదు. కోపమైనా బాగుండేది. ఒళ్ళోని చిన్నపిల్లని పక్కకి జరిపి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. గోడ పక్కకి వెళ్ళి కోడలి రెక్క పట్టుకుంది.

"రాయే, ఎండల నిలవడ్డవ్. నీడకు రా. పొద్దటి సంది ఏం తిన్నవ్, ఇంత బువ్వ తిను."

బాలమణి అత్త భుజం మీద తల పెట్టి ఏడవడం మొదలుపెట్టింది.